బండి కండిషన్లోనే ఉందండి: టీకాతాత్పర్యసహితము

మూలము

“బండి కండిషన్లోనే ఉందండి. చిన్న చిన్న పనులున్నాయి, అంతే.”

అవతారిక

పాత జీపు నమ్మజూపువాడు కొనవచ్చినవానితో పలికిన వాక్యద్వయమిది. దీని కర్త యెవరో నిర్ణయించుట దుర్ఘటము. కోస్తాలోను, సీమలోను, తెలంగాణములోను, పాత బండి చేతులు మారిన ప్రతి చోటను అక్షరము పొల్లుపోకుండ ఇదియే వినవచ్చుచున్నది గనుక దీనిని అపౌరుషేయమని తలచు పెద్దలును గలరు. దేశము: ధాన్యపు బస్తాలును, విరిగిన నాగలియు, వెనుక సీటుపై పొదుగునకు కూర్చున్న కోడియు నున్న యొక పెంకుటి కొట్టము. కాలము: కొనువాని చేతికి పంట డబ్బు వచ్చిన వారము. వక్త పరమశాంతుడు. శ్రోత, చిన్ననాట మన్యపు బాటలలో బ్లాకు ఆఫీసరుగారి జీపు వెనుక దుమ్ములో పరుగెత్తిన సంస్కారము గలవాడగుటచే, వాక్యము చెవిని పడకమునుపే విచారణశక్తిని కోల్పోయినవాడు.

ప్రతిపదార్థము

బండి = నాలుగు చక్రములును ఇంజనుచేతనే త్రిప్పదగిన జీపు; కండిషన్లోనే = ఒకానొక స్థితియందే; ఉందండి = ఉన్నది, అయ్యా; చిన్న చిన్న = విడివిడిగా చూచినచో స్వల్పములును, కలిపి చూచినచో అపారములును నగు; పనులు = మరమ్మతులు; ఉన్నాయి = కొనువానికొరకు వేచియున్నవి; అంతే = ఇటుపై జరుగునది వక్తకు సంబంధింపదు.

తాత్పర్యము

బండి కదలకపోయినను దాని యునికికి లోపము లేదనియు, కదలించు భారము కొన్నవానిదే యనియు భావము.

వ్యాఖ్య

‘బండి’ యన్న సామాన్యశబ్దమునకు ఇచ్చట విశేషార్థము చెప్పక తీరదు. ఇది సీజే-3బి యను జాతికి చెందిన జీపు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు టొలీడో నగరమున విల్లీస్ కర్మాగారమువారు 1941 మొదలు సైన్యమునకై చేసిన జీపునందు ‘గో డెవిల్’ అను నాలుగు సిలిండర్ల ఇంజనుండెడిది. దాని వాల్వులన్నియు బ్లాకులోనే ప్రక్కగా నమరియుండి 60 అశ్వశక్తుల బలమునకు తోడ్పడెడివి. తరువాత వచ్చిన ‘హరికేన్’ ఇంజనులో అదే బోరును, అదే స్ట్రోకును, అదే 134 ఘనపుటంగుళముల కొలతను నిలిపి, మిశ్రమమును లోనికి తీసికొను వాల్వులను మాత్రము పైన హెడ్డులోనికెత్తి, పొగను వెడలగొట్టు వాల్వులను క్రిందనే యుంచిరి. బలము 70 దాటినది. దానితోబాటు ఇంజను ఎత్తును పెరిగినది. పెరిగినదానికి పాత బానెట్టు చాలలేదు గనుక బానెట్టునే పైకెత్తి 1953లో సీజే-3బిని విడిచిరి. మన పల్లెలవారు జీపనగానే తలచుకొను ఆ యెత్తైన నుదురు శిల్పి యెవడో ముఖశోభకొరకు దిద్దినది కాదు. హెడ్డులో చేరిన నాలుగు వాల్వులకు చోటు విడిచినది. ఒక భాగమును పెంచినచో ప్రక్కభాగము జరుగవలెనన్న న్యాయము ఈ విధముగా బండి పుట్టుకలోనే ఉన్నది, మరమ్మతుదారు నెత్తిపై పడు సమస్త కష్టములకును మూలసూత్రమిదియే యని పాఠకులు ఇప్పుడే గుర్తుంచుకొందురుగాక.

మహీంద్రావారు తొలుత విడిభాగములు తెప్పించి బొంబాయిలో కూర్చుచు, క్రమముగా ఇచ్చటనే చేయ మొదలిడి, అమెరికాలో ఈ జాతి 1968లో ఆగిపోయిన పిమ్మటను మన దేశమున దీని వంశమును చాలకాలము నిలిపిరి. 1952లో సమాజవికాస పథకము లారంభమైన నాటినుండి ఊరిలోనికి ప్రభుత్వము ప్రవేశించుట యన్నచో జీపు ప్రవేశించుటయే. వేలములో దానిని పాడుకొన్న మోతుబరి ఎన్నికల ప్రచారమునకును, పెండ్లికొడుకును దింపుటకును, ఎరువుల బస్తాలకును దానినే వాడినాడు. మన కొట్టములోని బండి ఈ మూడు ఆశ్రమములను దాటి వచ్చినదే.

‘కండిషన్లోనే’. ఏ కండిషను అని వక్త చెప్పలేదు; ఈ మౌనమే వాక్యమునకు ప్రాణము. కావున పరీక్షకుడు ప్రమాణములను ఆశ్రయింపవలెను. ప్రత్యక్షము నమ్మరాదు, ఏలయన కంటికి కనబడునది నిన్న కొట్టిన ఆకుపచ్చ రంగు. శబ్దప్రమాణము మూలవాక్యమే గనుక దానిని గూర్చి వేరుగ చెప్పవలసినది లేదు. మిగిలినది అనుమానము. చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి బాడీ వెంబడి జార్చుచు పోయినచో, అది అంటుకొన్నచోట ఇనుమును, జారిపడినచోట పుట్టీయు నున్నట్లు సిద్ధించును. ఫ్లోరు క్రింద అడ్డముగ నతికిన దోనెవంటి రేకుపట్టీలలో బురదయు నీరును నిలిచి లోలోపలినుండియే తినివేయును. పైన కాలు మోపినవానికి తెలియదు, క్రింద పండుకొని స్క్రూడ్రైవరుతో పొడిచినవానికి తెలియును. ఇంజను స్టార్టయినచో మరియు మేలు. తార్కికులు పొగను చూచి నిప్పు నూహింతురు. జీపుశాస్త్రజ్ఞులు పొగ రంగును చూచి ఖర్చు నూహింతురు. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నది, రింగులో వాల్వు గైడులో అరిగినవని. నల్లపొగ వచ్చినచో పెట్రోలు మితిమీరుచున్నదని, కార్బురేటరు శుద్ధితో పోవుననియు. తెల్లని యావిరి ఆగక వచ్చినచో సిలిండరులోనికి నీరు దిగుచున్నది గనుక హెడ్డు విప్పక తప్పదనియు. పొగయే రాకున్న మాట యేమి యని శిష్యు డడుగును. అప్పుడు బండిని త్రోయవలెను.

‘చిన్న చిన్న’. ఇది ఆమ్రేడితము. రెండుమారులు చెప్పుటచే బహుత్వము స్ఫురించుచున్నదని వైయాకరణులు. వేరొక ప్రతిలో ‘చిన్న పనులు’ అని యొక్కసారియే యున్నదట. అది బండి నెన్నడును విప్పి యెరుగని లేఖకుని ప్రమాదమని మా యభిప్రాయము.

దీనిని వివరించుటకు బ్రేకును ఉదాహరింతుము, ఏలయన బుద్ధిమంతుడెవడైనను బండిని కదలించుటకు ముందు దానిని ఆపుట నేర్చుకొనును. నాలుగు చక్రములలోను 9 అంగుళముల డ్రమ్ములు. వాటికన్నిటికిని ఒకే మాస్టరు సిలిండరునుండి ఒకే గొట్టపు మార్గము. ఏ యొక చక్రము వద్ద రబ్బరు వాషరు చినిగి ఆయిలు కారినను నాలుగింటి బ్రేకులును ఒక్కసారిగ పోవును. హ్యాండుబ్రేకు ఉన్నదిగదా యందురేని, అది చక్రములను పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, వెనుక షాఫ్టు మొదట నున్న డ్రమ్మును పట్టును. షాఫ్టు విప్పి హ్యాండుబ్రేకును నమ్ముకొన్నవాని బండి షెడ్డునుండి వాకిలికిని, వాకిలినుండి వీధికిని తానై వెడలును. చక్రములకు రాళ్ళడ్డము పెట్టుటయు, జాకీని నమ్మక స్టాండ్లు నిలుపుటయు ఈ శాస్త్రమున సంధ్యావందనము వంటివి, మానరాదు.

సరే, మాస్టరు సిలిండరును మార్చుద మనుకొందము. అది డ్రైవరు కాళ్ళ క్రింద, ఫ్లోరుకు దిగువ, ఛాసిస్‌కు బిగించి యున్నది. దానిని చేరుటకు ఫ్లోరు పలక యెత్తగా పలక చేతిలోనికి సగమే వచ్చును. మిగిలిన సగము కొరకు రేకు అతుకవలెను, రేకు అతుకుటకు క్రింది పట్టీ గట్టిగ నుండవలెను, అది లేదు. పట్టీ మార్చుటకు బాడీని ఛాసిస్‌నుండి లేపవలెను. లేపుటకు బోల్టులు ఊడవలెను. కిరసనాయిలు పోసి రాత్రియంతయు నానబెట్టి, మరునాడు మంటతో కాచి, పానా పట్టి త్రిప్పగా బోల్టు తిరుగుటకు బదులు తల తెగును. ఒక రబ్బరు వాషరు కొరకు మొదలైన పని యీ విధముగా చైన్ పుల్లీ నద్దెకు తెచ్చి బాడీని దూలమునుండి వ్రేలాడదీయుటకు దారితీసినది. ఇందలి ప్రతి పనియు చిన్నదియే. వక్త అసత్యమాడలేదు.

ఇక బాడీ లేచినప్పు డెట్లును చిన్న వస్తువుల తుప్పు వదలింపవచ్చును. ఇందుకు గృహస్థునకు తగిన మార్గమొకటి కలదు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీరు పోసి బట్టల సోడా కలిపి, తుప్పు వస్తువును బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకును, పనికిరాని ఇనుపముక్కను పాజిటివ్ తీగకును కట్టి ముంచినచో తుప్పు నల్లని మడ్డిగ మారి బ్రష్షుకు ఊడివచ్చును. మంచి ఇనుము చెడదు. హైడ్రోజను వెలువడును గనుక ఆరుబయట చేయవలెను, చుట్ట త్రాగువానిని దూరముగ నుంచవలెను. రెండవ తీగకు స్టెయిన్‌లెస్ గరిటె తగిలింపరాదు, దానిలోని క్రోమియము నీటిని విషము చేయును. గరిటె పోయినదని వంటింటినుండి వచ్చు విషము వేరు.

‘పనులున్నాయి’. ఏ పనులు? ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటయా, ఉన్నదానికంటె మెరుగుపరచుటయా? ఇచ్చట రెండు సంప్రదాయములు కలహించుచున్నవి. జీర్ణోద్ధారవాదులు స్క్రూ గాడి సైతము నాటిదే కావలెనందురు. నవీకరణవాదుల పూర్వపక్షమిది: లీటరు పెట్రోలుకు నేటి ధర తెలిసినవాడెవడును హరికేన్ ఇంజను నుంచుకొనడు, ప్యూజో డీజిలో, మరియొకటియో దింపి హాయిగ తిరుగవలెను.

వినుటకు సుఖముగానే ఉన్నది. కాని డీజిలు దింపగా ఏమగునో చూతము. పాత మౌంటులు కుదరవు గనుక ఛాసిస్‌పై కొత్తవి వెల్డు చేయవలెను. గేరుబాక్సు ముఖమునకును ఇంజనునకును పొత్తు కుదర్చు పలకను లేత్‌పై చేయింపవలెను. ఇంజెక్టరులలో మిగిలిన డీజిలు తిరిగివచ్చుటకు డ్రైవరు సీటు క్రింది ట్యాంకికి మరియొక గొట్టము కావలెను. తొలి బండ్లలో వైపరు ఇంజను పీల్చు గాలి శూన్యముచే ఆడునది. డీజిలున కట్టి శూన్యము లేదు గనుక వానలో వైపరు నిలిచిపోవును. వేగము పెరిగినది గనుక 9 అంగుళముల డ్రమ్ములు చాలవు. బూస్టరు పెట్టుద మన్న, దానికిని శూన్యమే ఆహారము, కావున వేరొక పంపు. మొదట నేర్చిన న్యాయము ఇచ్చట విశ్వరూపము దాల్చినది. విల్లీస్‌వారు నాలుగు వాల్వుల కొరకు బానెట్టును మాత్రమే ఎత్తి ఊరకుండిరి. మనవాడు ఇంజనునెత్తి దేనికడ్డుపడవలెనో తెలియక నిలిచినాడు.

ఇంతకును పాత ఇంజను చేయలేని దేమున్నది? లో రేంజిలో మొదటి గేరు వేసినచో, ఇంజను సుమారు 37 చుట్లు తిరిగినగాని చక్రమొక్క చుట్టు తిరుగదు; ఆ నిష్పత్తితో అది బురదచేనిలో నడిచిపోవు మనిషికంటె నెమ్మదిగ, ఆగక, గట్టెక్కును. ఈ బండికి తగిన పని యదియే. రహదారిపై కారులను దాటవలెననుకొన్నవాడు కారు కొనవలసినది.

కావున సిద్ధాంతము: ప్రాణరక్షణకు పనికివచ్చునదియు, కావలసినప్పుడు విప్పి పాతది పెట్టుటకు వీలైనదియు నైన మార్పు గ్రాహ్యము. బ్రేకులను రెండు మార్గములుగ విభజించు జంట మాస్టరు సిలిండరు గ్రాహ్యము. తొలికాలపు 6 వోల్టుల ఏర్పాటును 12కు మార్చుట గ్రాహ్యము. అదే వెలుగునకు తీగలలో ప్రవాహము సగమగును, అయితే బల్బులును, కాయిలును, మీటర్లును సరిచూడవలెను. నెమ్మదిగ నడుచునపుడు చార్జి చేయలేని డైనమో బదులు ఆల్టర్నేటరు గ్రాహ్యము. ఛాసిస్‌ను కోసి చేయు మార్పు త్యాజ్యము. ఇందుకు రాజశాసనము కూడ తోడు. 2021లో కేంద్రము చేసిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్దమార్పు లేని బండికే ‘వింటేజి’ పట్టము; నమోదుకు 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. ఆ పట్టము పొందినదానిని ప్రదర్శనలకును, ర్యాలీలకును, పరిశోధనకును, పెట్రోలు పోయించుటకును, మరమ్మతుకును మాత్రమే రోడ్డెక్కింపవచ్చును. కూరలకు సంతకు పోరాదు. మామూలు నమోదుతో తిరుగ దలచినవానికి 15 ఏండ్ల పిదప అయిదేండ్లకొకసారి ఫిట్‌నెస్ పరీక్షయు, ఇంజను మార్చినచో రవాణాశాఖ అనుమతియు విధి.

‘అంతే’. పాఠాంతరవిచారము. కొన్ని మౌఖికప్రతులలో దీని తరువాత “స్టెప్నీ కూడా కొత్తదండి” అని యొక వాక్యము కనబడుచున్నది. బండి వెనుక స్టెప్నీ బిగించు స్టడ్లు తుప్పుతో నున్నవేగాని వాటిపై స్టెప్నీ లేదు. కొట్టమంతయు వెదకినను దొరకలేదు. కోడిని లేపి చూచినను లేదు. కావున ఆ వాక్యము ప్రక్షిప్తమని నిర్ణయించి మూలమున చేర్పలేదు.