పాల్వంచలో ఒక కేబినెట్ ఫ్యాను కథ

నిలువూ అడ్డమూ 120 మిల్లీమీటర్లు, మందం 25 మిల్లీమీటర్లు, నడిచేది 12 వోల్టుల డీసీ మీద, తాగే కరెంటు 0.18 ఆంపియర్లు. ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్‌లో కేబినెట్ ఫ్యాను జాతకం దాదాపు ఇంతే. ఈ కథలోని ఫ్యానుదీ అదే జాతకం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో అమ్ముడై, బస్సు సీటు కింద పాల్వంచ చేరి, ఒక ఇంటి ముందు గదిలోని కేబినెట్ వెనక గోడకు బిగిసింది. అదే అట్టపెట్టెలో వచ్చిన దాని జంట ఫ్యాను చర్లలో, అడవి అంచున ఉన్న ఒక జిరాక్స్ షాపుకు వెళ్లింది.

ఇలాంటి ఫ్యాను నడిమి బొడ్డులో గుండ్రటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది రెక్కలతోపాటు తిరుగుతుంది. రాగి తీగ చుట్టలు మాత్రం చట్రానికి అంటుకుని కదలకుండా ఉంటాయి. అయస్కాంతం ఏ మూల ఉందో హాల్ సెన్సర్ కనిపెడుతుంటే, ఒక చిన్న చిప్పు దాన్నిబట్టి చుట్టల్లో కరెంటును అటూ ఇటూ మారుస్తుంది. బ్రష్షులు లేవు, అరిగేది బేరింగ్ ఒక్కటే. ఈ ఏర్పాటు వల్ల తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ప్లస్సు, మైనస్సు తారుమారు చేస్తే ఈ ఫ్యాను వెనక్కి తిరగదు. అసలు తిరగదు, చిప్పు కాలిపోయినా పోవచ్చు. గాలి దిశ మారాలంటే తీగలు మార్చి లాభం లేదు, ఫ్యానునే విప్పి తిప్పి బిగించాలి.

రెక్కలు అడ్డు లేకుండా కనబడే ముఖం గాలిని పీల్చే వైపు. మోటారును పట్టుకున్న అడ్డపుల్లలూ స్టిక్కరూ ఉన్నది గాలిని వదిలే వైపు. చాలా చట్రాల అంచున రెండు బాణాలు పోసి ఉంటాయి. ఒకటి రెక్కలు తిరిగే దిశను చూపితే రెండోది గాలి పోయే దిశను చూపుతుంది. బాణాలు లేకపోతే అగరుబత్తి పొగ చాలు. చిక్కల్లా అందం దగ్గర వస్తుంది. స్టిక్కరు, అడ్డపుల్లలు లేని ముఖం చూడముచ్చటగా ఉంటుంది గనుక దాన్ని బయటికి పెట్టాలనిపిస్తుంది. ఈ ఫ్యానుకు మొదట జరిగింది అదే. ముందున్న రెండు ఫ్యాన్లూ గాలిని లోపలికి తోస్తుంటే, వెనక నుంచి ఇదీ లోపలికే తోసింది. ప్రాసెసర్ కూలరు వెనక్కి ఊదే వేడి గాలికి ఎదురు నిలిచింది. ఆ వేడికి పైకప్పు జల్లెడ ఒక్కటే దారి అయింది. నాలుగు మరలు విప్పి ముఖం లోపలికి తిప్పాక గానీ గాలికి ఒక తీరు ఏర్పడలేదు.

ఆ తీరేమిటో ఈ ప్రాంతంలో వేరుగా చెప్పనక్కర్లేదు. 1889 నుంచి ఇల్లందులో బొగ్గు తవ్వారు, కొత్తగూడెం సింగరేణికి కేంద్రస్థానం. భూగర్భ బాయిలో గాలికి రెండు దారులుంటాయి. మంచి గాలి ఒక దారిన దిగి, పని స్థలాలన్నీ చుట్టి, వేడినీ దుమ్మునూ మీథేన్‌నూ మోసుకుని రెండో దారిన బయటపడుతుంది. ఆ రెండో దారి దగ్గర మెయిన్ ఫ్యాను దాన్ని పీలుస్తుంటుంది. మనుషులు ఒక దారి నుంచి రెండోదానికి దాటే చోట జంట తలుపులు పెడతారు. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉండాలి. రెండూ ఒకేసారి తెరిస్తే గాలి పని స్థలం ముఖమే చూడకుండా దగ్గరి దారిన వెళ్లిపోతుంది. కేబినెట్‌లో ఆ రెండు తలుపులూ తెరిచినంత పని ఏదంటే, పైకప్పులో ముందు అంచున బయటికి ఊదే ఫ్యాను పెట్టడం. ముందు ఫ్యాను తెచ్చిన గాలి ప్రాసెసర్ దాకా రాకముందే అది పైకి లాగేస్తుంది. పైన పెట్టాల్సి వస్తే వెనక మూలనే పెట్టాలి.

దిశ కుదిరాక తీగల సంగతి. ఈ ఫ్యానుకు నాలుగు తీగలు. మొదటిది గ్రౌండు, రెండోది 12 వోల్టులు, మూడోది వేగం లెక్క చెప్పే టాకో, నాలుగోది వేగాన్ని ఆదేశించే పీడబ్ల్యూఎం. ఇంటెల్ రాసిన నాలుగు తీగల నిర్దేశాల్లో వీటి రంగులు వరుసగా నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. మూడు తీగల పాత ఫ్యాన్లలో ఎక్కువగా నలుపు, ఎరుపు, పసుపు కనిపిస్తాయి. అంటే ఒకదాంట్లో 12 వోల్టులు మోసే పసుపు తీగ మరోదాంట్లో వేగం లెక్క మోస్తుంది. ఇప్పుడైతే నాలుగూ నల్లగానే వస్తున్నవి చాలా ఉన్నాయి. కాబట్టి రంగును నమ్మి తీగ కోసి అతకడం తగని పని. నమ్మాల్సింది కనెక్టరు వీపున ఉన్న రెండు గట్లను. మదర్‌బోర్డు హెడర్‌కు ఒక పక్క ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. అది ఆ గట్ల నడుమ దూరినప్పుడే కనెక్టరు దిగుతుంది. నాలుక మొదటి మూడు పిన్నులకే పరిమితం, నాలుగో పిన్ను దాని అవతల ఉంటుంది. ఆ కారణంగా మూడు పిన్నుల ఫ్యాను నాలుగు పిన్నుల హెడర్‌కూ, నాలుగు పిన్నులది మూడు పిన్నుల హెడర్‌కూ సరిపోతాయి. దిగకపోతే తిప్పి చూడాలి, బలం చూపకూడదు.

నాలుగో తీగలో సంకేతం సెకనుకు సుమారు 25 వేల సార్లు వెలిగి ఆరుతుంది. ఒక్కో విడతలో ఎంత భాగం వెలిగి ఉందన్నదే వేగానికి ఆజ్ఞ. మనిషి చెవికి అందని పౌనఃపున్యం గనుక కీచు శబ్దం వినిపించదు. రెండో తీగలో 12 వోల్టులు మాత్రం తగ్గకుండా వస్తూనే ఉంటాయి. నాలుగో తీగ ఊడిపోతే ఫ్యాను ఆగదు, పూర్తి వేగంతో తిరుగుతుంది. మూడు తీగల ఫ్యానుకు ఈ ఆజ్ఞ అందదు, దాన్ని నెమ్మదింపజేయాలంటే వోల్టేజీనే తగ్గించాలి. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో హెడర్‌కు పీడబ్ల్యూఎం, డీసీ అని రెండు పద్ధతులు కనిపించేది ఇందుకే. మూడు తీగల ఫ్యానును పీడబ్ల్యూఎం పద్ధతిలో వదిలేస్తే అది రాత్రీ పగలూ మోత మోగిస్తుంది. పాడైందనుకుని కొత్తది కొంటారు. డీసీ అని మార్చి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ప్రాసెసర్ కూలరు ఫ్యానుకు బోర్డు మీద ప్రత్యేకంగా సీపీయూ ఫ్యాన్ అని అచ్చు వేసిన హెడర్ ఉంటుంది. కేబినెట్ ఫ్యాన్లకు సిస్ ఫ్యాన్ లేదా చాసిస్ ఫ్యాన్ అని రాసినవి. వాటిని తారుమారు చేయకూడదు. సీపీయూ ఫ్యాన్ హెడర్ ఖాళీగా ఉంటే చాలా బోర్డులు కంప్యూటర్ మొదలవగానే ఫ్యాను ఎర్రర్ చూపి ఆగిపోతాయి. ఆ ఆగడం మంచికే. హెడర్లు చాలకపోతే స్ప్లిటర్ వాడవచ్చు, లెక్క మాత్రం చూసుకోవాలి. ఒక హెడర్ సాధారణంగా భరించేది 1 ఆంపియర్. ఈ ఫ్యాను లాంటివి మూడు కలిపితే 0.54, ఇబ్బంది లేదు. ఎక్కువ కరెంటు తాగే పెద్ద ఫ్యాన్లయితే హద్దు దాటి బోర్డు హెడరే కాలవచ్చు. అలాంటప్పుడు పవర్ సప్లై నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ మేలు. స్ప్లిటర్‌లో ఒక్క ఫ్యాను టాకో తీగకే బోర్డు దాకా దారి ఉంటుంది. ఒక చుట్టుకు రెండు పల్సుల చొప్పున, నిమిషానికి 1200 చుట్లంటే సెకనుకు 40 పల్సులు. రెండు ఫ్యాన్ల పల్సులు ఒకే తీగలో కలిస్తే ఆ లెక్కకు అర్థం ఉండదు.

రంగు లైట్ల తీగ వేరు. మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12. మొదటిదాన్ని రెండోదానికి తగిలిస్తే లైట్లు మాడిపోతాయి. ఈ ఫ్యానుకు లైట్లు లేవు, ఆ బెంగా లేదు.

వేడి సంగతికి వస్తే, ఏ ఫ్యానూ గాలిని చల్లబరచదు. లోపలి గాలిని బయటికి పంపి గదిలోని గాలిని తెస్తుంది, అంతే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. గదిలో 40 ఉంటే కేబినెట్ లోపల అంతకన్నా తగ్గే మార్గం లేదు. చల్లటి ఊళ్లకు తగ్గట్టు 40 డిగ్రీల దగ్గరే వేగం పెంచమని బయాస్‌లో పెడితే, ఇక్కడ ఫ్యాను వేసవంతా ఊరికే పరిగెత్తుతుంది. ఈ ఇంట్లో ప్రాసెసర్ 60 దాటాకే పెరిగేలా మార్చారు. ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల ప్రాంతంలో వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి గనుక ఇందులో సాహసం ఏమీ లేదు.

దుమ్ము అంతకన్నా మొండిది. బొగ్గు లారీలు, థర్మల్ కేంద్రం, పత్తి చేల నూగు, అన్నీ ఈ ఊరి చుట్టుపక్కలే. అందుకని లోపలికి ఊదే బలం బయటికి ఊదే బలం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. అప్పుడు గాలి ముందున్న ఫిల్టరు దాటే లోపలికి వస్తుంది, సందుల్లోంచి దుమ్మును లాగదు. ముందు రెండు, వెనక ఒకటి అనే పొందిక ఇక్కడికి సరిగ్గా నప్పింది. చర్లలోని జంట ఫ్యానుకు బాధ మరో రకం. తొలకరి రాత్రుల్లో దీపానికి వచ్చే ఉసిళ్ల రెక్కలు ఫిల్టరును చాపలా కప్పేస్తాయి. అక్కడ వానాకాలమంతా ఫిల్టరు కడగాల్సిందే, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాల్సిందే.

శుభ్రం చేసేటప్పుడు స్విచ్చి కట్టేసి, రెక్కలను వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ వాడండి. వదిలేస్తే అవి హద్దు లేని వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పక్క తలుపు మూసే ముందు బయాస్‌లో టాకో తీగ హెడర్‌కు అందే ప్రతి ఫ్యాను ఎదుటా చుట్ల సంఖ్య కనబడుతోందో లేదో చూడండి. సున్నా ఉన్నచోట ముందుగా కనెక్టరును నొక్కి చూడండి.