పట్టి చూడని మౌస్

కామారెడ్డిలో బెల్లం కొనేవాడు ముద్దను గిల్లి, రంగు చూసి, ఇంత నోట్లో వేసుకుంటే గానీ ధర మాట ఎత్తడు. అదే మనిషి పక్క బజారులో మౌస్ కొనేటప్పుడు డబ్బా మీది పేరు చదివి డబ్బులిచ్చేస్తాడు. నోట్లో కాసేపట్లో కరిగిపోయేదానికి అంత పరీక్ష! రోజంతా అరచేతిని అంటిపెట్టుకుని ఉండేదానికి మాత్రం లాజిటెక్కా, డెల్లా, జీబ్రానిక్సా అన్న ఒక్క ప్రశ్న చాలట. కంపెనీ పేరు చూస్తే వస్తువు ఎన్నాళ్లుంటుందో కొంత తెలుస్తుంది. సుఖమో కాదో తెలియాలంటే మాత్రం చేత్తో పట్టి చూడాల్సిందే.

అసలు మౌస్ గెలిచిందే అలా. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ చేసిన రూపం ఒక చెక్కపెట్టె, దానికి ఒకే మీట. దాన్ని లైట్ పెన్ను, జాయ్‌స్టిక్, చివరికి మోకాలితో నడిపే పరికరంతో కూడా పోటీకి పెట్టి, మనుషుల చేత వాడించి చూశారు. అలవాటైనవాళ్ల చేతిలో మౌసే మేలని 1967లో ప్రకటించారు. మోకాలు గెలిచి ఉంటే మన మీసేవ కేంద్రాల్లో కుర్చీల కింద ఎంత హడావుడో!

ఇక డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే డీపీఐ సంగతి. మౌస్‌ను అంగుళం జరిపితే అది ఎన్ని చిన్న చిన్న కదలికలుగా లెక్కపెడుతుందో చెప్పే అంకె అది. 1000 డీపీఐ ఉన్న మామూలు మౌస్‌తో 1366 చుక్కల వెడల్పున్న తెర దాటాలంటే సుమారు అంగుళంన్నర జరపాలి. 16000 పెట్టుకుంటే రెండు మిల్లీమీటర్లు చాలు. ఆటలాడే పిల్లలకు అది వరమేమో. ఎల్లారెడ్డిలో భూముల రికార్డుల పోర్టల్ భూభారతి తెరిచి సర్వే నంబరు వెతికే ఆపరేటరు మాత్రం తుమ్మితే చాలు, పక్కవాడి పొలంలో తేలతాడు. ఆ వేగాన్ని తగ్గించుకోవచ్చు కదా అంటారు. తగ్గించుకోవడానికైతే ఎక్కువ డబ్బు పోయడమెందుకు?

పేరున్న కంపెనీకి వారంటీ ఉంటుందన్న మాటను మాత్రం కొట్టిపారేయను. లోపలి స్విచ్‌కు కోటి నొక్కుళ్ల ఆయుష్షని రాస్తే, రోజుకు అయిదు వేల లెక్కన అయిదేళ్ల పైమాటే. కానీ స్విచ్ కంటే ముందు, మౌస్‌లోంచి బయటికొచ్చే మెడ దగ్గర తీగ తెగుతుంది. మన బల్లల మీద దుమ్ము సరేసరి. వారంటీ కోసం హైదరాబాద్ పోవాల్సివస్తే, పోను రాను బస్సు చార్జీకి ఇంకో చవక మౌస్ వస్తుంది. కనుక కొనేటప్పుడే ఆ మెడ గట్టిగా ఉందో లేదో వంచి చూడడం మేలు. వేళ్లు మీటల మీద వాలాయా, అరచేయి వీపు మీద ఆనిందా అన్నది ఇంటర్నెట్‌లో ఎన్ని నక్షత్రాలున్నా చెప్పవు. ఆ నక్షత్రాలు పెట్టినవాడి చెయ్యి ఎంతదో మనకేం తెలుసు?

హెడ్‌సెట్ దగ్గరికొస్తే ఈ మాట ఇంకా నిజం. కొత్తదాని పట్టు మొదటి నిమిషంలో బిగువుగా, గట్టిగా, డబ్బుకు తగ్గట్టే అనిపిస్తుంది. అరగంటకు కళ్లజోడు కాడలు కణతల్లో దిగుతాయి. పైగా దాని మెత్తల మీది తోలులాంటి పూత కొబ్బరినూనెను, చెమటను తట్టుకోలేక పొలుసులుగా రాలుతుంది. నూనె తలల దేశంలో గుడ్డ మెత్తలే నయం. బోట్ కంపెనీదైనా మరొకటైనా ముందు చూడాల్సింది, మెత్తలు ఊడదీసి మార్చుకునే వీలుందా అని.

ఇలా పట్టి చూస్తామంటే, సీలు తీస్తే పాతసరుకైపోతుంది, ఎవరు కొంటారని దుకాణదారు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. రకానికొకటి విప్పి బల్ల మీద పెడితే సరిపోతుంది, ఆ నష్టం కొన్ని అమ్మకాల్లో తిరిగొస్తుంది. హెడ్‌సెట్ నమూనాకు మాత్రం ఉతికే గుడ్డ తొడుగు వేయాలి. లేకపోతే సాయంత్రానికి ఊళ్లోని నూనెలన్నీ దాని మీదే ఉంటాయి.