మీ గుంటడు ఆఫీసరు కాకుండా చూసుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లాణ్ని మిలటరీకి ఎలా పంపాలో ఎవరూ నేర్పక్కర్లేదు. పదో తరగతి పరీక్షలు కాగానే తెల్లవారుజామున లేస్తాడు, ఊరి బయట రోడ్డు మీద పరుగు మొదలెడతాడు, మీసం సరిగ్గా రాకముందే ర్యాలీ పేరు చెప్పి బస్సెక్కుతాడు. అంతా సవ్యంగా నడుస్తున్న ఈ వ్యవహారంలో కొందరు స్కూలు మాస్టార్లు, సెలవు మీద వచ్చిన కొందరు హవల్దార్లు వేలు పెడుతున్నారు. "జవానుగానే ఎందుకెళ్లాలిరా, ఆఫీసరుగా వెళ్లకూడదా?" అని పిల్లల చెవిలో ఊదుతున్నారు. ఇలాంటి ప్రశ్న ఒకసారి ఇంట్లో జొరబడితే తేలిగ్గా బయటికి పోదు. గుమ్మం దగ్గరే దాన్ని ఆపడానికి కొన్ని ఉపాయాలు రాస్తున్నాను. నేను కొత్తగా కనిపెట్టినవేమీ కావు, మన పెద్దలు పాటిస్తూ వస్తున్నవే.

పని మొదలుపెట్టాల్సిన వయసు పదేళ్లు. గుంటడు అప్పటికి అయిదో తరగతిలో ఉంటాడు. సైనిక్ స్కూలు ప్రవేశపరీక్ష ఒకటుందని వాడికి గానీ, వాళ్లమ్మకు గానీ తెలియనివ్వకండి. ఇది కొంచెం కష్టమే. ఆ స్కూలు ఎక్కడో ఢిల్లీ దగ్గర లేదు, మన కోరుకొండలోనే ఉంది. విజయనగరంలో విశాఖ పాసింజరు ఎక్కితే కోరుకొండ స్టేషను దాటుకునే వెళ్లాలి. సైన్యంలో ఆఫీసర్లంతా కొన్ని ప్రాంతాల నుంచీ, కొన్ని వర్గాల నుంచీ మాత్రమే వస్తున్నారు, మామూలు ఇళ్ల పిల్లలు కూడా రావాలని అప్పటి రక్షణ మంత్రి వి.కె. కృష్ణమీనన్ 1961లో ఈ స్కూళ్లకు శ్రీకారం చుట్టారు. మరుసటి జనవరికల్లా, అంటే 1962లో, కోరుకొండలో స్కూలు తెరిచారు. విజయనగరం రాజా పి.వి.జి. రాజు తమ ప్యాలెస్‌నే ఇచ్చేశారు. రాజుగారు కోట ఇచ్చారు, కేంద్రం స్కూలిచ్చింది, రైల్వే వాళ్లు స్టేషనిచ్చారు. అయినా అరవై ఏళ్లకు పైగా ఆ స్టేషను బోర్డు చూసుకుంటూ విశాఖలో దిగిపోతున్న కుటుంబాలు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. ఈ ఆనవాయితీ తప్పించకండి.

ఎవరైనా పనిలేని మనిషి వచ్చి, ఆరో తరగతి పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చంటాడు. 300 మార్కుల్లో సగం లెక్కలకేనంటాడు. సీట్లలో మూడింట రెండొంతులు సొంత రాష్ట్రం పిల్లలకేనని, సైనికుల పిల్లలకూ మాజీ సైనికుల పిల్లలకూ విడిగా కోటా ఉందని చెప్పబోతాడు. వెంటనే ఫీజు మాట ఎత్తండి. ఫీజు నిజంగానే ఎక్కువ. స్కాలర్‌షిప్పులున్నాయా అని మాత్రం అడగకండి. అడిగితే ఉన్నాయని చెప్పేస్తాడు.

తొమ్మిదో తరగతిలో చేరడానికి ఇంకో అవకాశం ఉంటుంది. ఆ పరీక్ష ఇంగ్లీషులోనే పెడతారు కాబట్టి మీరు విడిగా శ్రమపడక్కర్లేదు.

అసలు గండం ఇంటర్లో ఉంది. ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ కోసం, ఎన్‌డీఏ అని యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయొచ్చు. వయసు పదహారున్నరకు తక్కువ, పంతొమ్మిదిన్నరకు ఎక్కువ ఉండకూడదు. అంటే మూడేళ్లు కళ్లు మూసుకుంటే గండం గడిచిపోతుంది. "ఎన్‌డీఏ రాస్తాను నాన్నా" అని గుంటడు అంటే, "ఇప్పుడెక్కడివిరా ఎలక్షన్లు?" అనండి. ఈఏపీసెట్ కోసం అప్పుచేసి ఎంపీసీ చదివిస్తున్నారు కదా, ఆ లెక్కలే అటూ ఇటూగా అక్కడ 300 మార్కులకు అడుగుతారు. ఆ ముక్క కాలేజీ వాళ్లు చెప్పరు. మీరూ చెప్పకండి. దరఖాస్తు ఫీజు వంద రూపాయలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకూ ఆడపిల్లలకూ అదీ లేదు. సైనిక్ స్కూల్లోనో మిలటరీ స్కూల్లోనో చదివే జవాన్ల, హవల్దార్ల, సుబేదార్ల పిల్లలకు కూడా లేదు. ఈ సంగతి మన ఊళ్లో పింఛను తీసుకుంటున్న సుబేదారు గారికే తెలియకపోవడం మన అదృష్టం. ఇప్పుడు జవానుగా చేరే దారైన అగ్నివీర్ దరఖాస్తుకు మాత్రం 250 రూపాయలు. దాన్ని నెట్ సెంటర్ దగ్గర అర్ధరాత్రి దాకా నిలబడైనా సరే కట్టించండి.

ఇక ఇంగ్లీషు. మన చేతిలో దీన్ని మించిన ఆయుధం లేదు. ఎన్‌డీఏ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఇస్తారు. లెక్కలు కాక ఉన్న 600 మార్కుల పేపర్లో 200 ఇంగ్లీషుకే. అగ్నివీర్ పరీక్షనేమో 2025 నుంచి తెలుగులో కూడా రాయనిస్తున్నారు. జవాను కావడానికి తెలుగు పనికొస్తుంది, ఆఫీసరు కావడానికి పనికిరాదు. ఇంతకన్నా స్పష్టంగా ప్రభుత్వం మాత్రం ఏం చెప్పగలదు? కాబట్టి "మనకి ఇంగిలీసు రాదు బావూ" అన్న మాట రోజుకోసారైనా ఇంట్లో వినిపించాలి. పక్కింటి కుర్రాడు హిందీలో ఒక్క ముక్క రాకుండా ట్రైనింగుకు వెళ్లి, మొదటిసారి సంక్రాంతికి వచ్చేటప్పటికి ఫోన్లో గలగలా హిందీ మాట్లాడేశాడే అని గుంటడు అడ్డుకోవచ్చు. అది వేరు, ఇది వేరు అనండి. ఎందుకు వేరో చెప్పకండి.

ఇవన్నీ సవ్యంగా చేస్తే మీవాడు అగ్నివీర్ పరుగు దగ్గరికి వస్తాడు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరుగెత్తితే 60 మార్కులు, పది పుల్‌అప్స్ తీస్తే 40. ఇంత తేటతెల్లమైన లెక్క పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా? అందుకే పుస్తకాలు అటకెక్కించి, పొద్దునా సాయంత్రం పరుగే పెట్టించండి. 2023 నుంచి పద్ధతి తిరగేశారని, ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష పెట్టి, అందులో గట్టెక్కిన వాళ్లనే గ్రౌండుకు పిలుస్తున్నారని ఎవరో అంటారు. నిజమే. అయినా మనకు నచ్చినదే ముందు చెయ్యాలి. పిలవని గ్రౌండు కోసం రెండేళ్లు పరుగెత్తిన కాళ్లు ఎక్కడికీ పోవు.

దేహం గురించి చిన్న చిట్కాలు రెండు. భక్తి కొద్దీ గుండెల మీద పెద్ద పచ్చబొట్టు వేయించండి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడ ఉన్నా ఒప్పుకోరన్నది మెడికల్ రోజున తెలిస్తే చాలు. చెవిలో గుబిలి కూడా ఆ రోజు దాకా భద్రంగా ఉంచండి.

ఇక డబ్బు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 2022 జూన్‌లో అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చింది. కొలువు నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు నిధికి పోగా చేతికొచ్చేది 21 వేలు. నాలుగో ఏడాదికి జీతం 40 వేలవుతుంది. బయటికొచ్చేటప్పుడు సేవానిధి కింద పన్ను లేకుండా సుమారు 11.71 లక్షలు ఇస్తారు. నూటికి పాతిక మంది వరకు సైన్యంలోనే ఉండిపోతారు. మిగతా వాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, క్యాంటీను కార్డు లేదు. ఇక్కడ మీరు చెయ్యాల్సిందల్లా ఒకటే. ఊళ్లో నలుగురు కుర్రాళ్లు వెళ్తే, ఉండిపోయే ఆ ఒక్కడూ మావాడేనని నలుగురు తండ్రులూ గట్టిగా నమ్మాలి. ఆ నమ్మకంతోనే 11.71 లక్షలను ముందే పంచేసుకోండి: స్లాబు వెయ్యడానికి కొంత, అక్క పెళ్లి బాకీకి కొంత, బులెట్ బండికి కొంత. ఇరవై రెండేళ్ల కుర్రాడు పెట్టె పట్టుకుని దిగితే వాడి చదువుకు, వ్యాపారానికి ఏమీ మిగలకుండా జాగ్రత్తపడండి. పూర్వం ఆర్మీ సంబంధమంటే పిల్లనిచ్చేవాళ్లు ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు "పర్మినెంటా, నాలుగేళ్లా?" అంటున్నారు. వాళ్లకు సమాధానం చెప్పకండి, కాఫీ ఇవ్వండి.

అదే వయసులో ఎన్‌డీఏలో చేరినవాడి లెక్క వేరు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆర్మీ అయితే డెహ్రాడూన్‌లో ఇంకో ఏడాది. చదువు, తిండి, బట్ట అన్నీ సర్కారువే, చేతిలో డిగ్రీ. డెహ్రాడూన్‌లో ఉన్న ఏడాది నెలకు 56,100 రూపాయల స్టైపెండ్. ఇక్కడా నాలుగేళ్లే, అక్కడా నాలుగేళ్లే. ఇది పక్కపక్కన రాసి చూసుకోకూడదు. వేరువేరు కాగితాల మీద రాసి, ఒక కాగితం పారేయండి.

సలహా అడగాల్సి వస్తే తొంభైల్లో రిటైరైన పెద్దాయన్నే అడగండి. ఆయన మంచివాడు, అబద్ధం ఆడడు. ఆయన చెప్పే సైన్యంలో పదిహేనేళ్లు చేస్తే పింఛను, ముప్ఫై అయిదో ఏట ఇంటికొచ్చి ఇంకో సర్కారు కొలువు. ఆయన అనుభవించినదంతా నిజమే. ఆ సైన్యంలోకి మీవాడు ఇప్పుడు చేరలేడన్న చిన్న సంగతి ఒక్కటే ఆయనకు అడ్డం.

కొందరు గుంటలు మొండిగా వాదిస్తారు. వాళ్లకు ఆఫీసరంటే ఏసీ గదిలో సంతకాలు పెట్టేవాడని, సరిహద్దులో నిలబడేది జవానేనని చెప్పండి. పౌరుషం ఉన్న పిల్లాడు ఆ మాటతో పడిపోతాడు. ఆ సమయంలో కల్నల్ సంతోష్‌బాబు పేరు మాత్రం ఎవరూ ఎత్తకుండా చూసుకోండి. సూర్యాపేట నుంచి వచ్చి మన కోరుకొండలోనే చదువుకుని, ఎన్‌డీఏకు వెళ్లి, 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరై, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణాలిచ్చినవాడు. మహావీర చక్ర ఇచ్చారు. సూర్యాపేట దూరం అనుకుంటే, మేజర్ మళ్ల రాంగోపాల్ నాయుడుది మన సంతబొమ్మాళి మండలమే. కశ్మీర్‌లో చేసిన పోరాటానికి 2024లో కీర్తిచక్ర ప్రకటించారు. ఏసీ గది కథ చెప్పేటప్పుడు ఈ రెండు పేర్లూ గుర్తుకొస్తే నోరు పెగలదు. అందుకని తెలుసుకోకపోవడమే ఉత్తమం.

ఇన్ని కట్టుదిట్టాలు చేసినా ఒక్కోడు రాతపరీక్ష పాసైపోతాడు. భయపడకండి, ఎస్‌ఎస్‌బీ ఉంది. అయిదు రోజుల ఇంటర్వ్యూ, 900 మార్కులు. మొదటి రోజే వడపోసి, చాలామందిని ఆ పూటే వెనక్కి పంపేస్తారు. దీనికి మీవాణ్ని ఇలా తయారు చేయండి. ఒక బ్లేజరు కొనివ్వండి. నాన్న ఏం చేస్తారని అడిగితే "రైతు" అనడానికి సిగ్గుపడమని, "బిజినెస్" అనమని నేర్పండి. బొమ్మ చూపించి కథ రాయమంటే కోచింగ్ సెంటర్ ఇచ్చిన కథే రాయమనండి, అందులో నాయకుడు తప్పకుండా నదిలో మునిగిపోతున్న పిల్లను రక్షించాలి. గోడ దూకించే చోట ఎవరికీ సాయం చెయ్యొద్దని, అందరికన్నా గట్టిగా అరవమని చెప్పండి. పొలం గట్ల మీద, వలస వెళ్లిన ఇళ్లలో, తిత్లీ తుఫాను రాత్రుల్లో మన పిల్లలు ఎదుర్కొన్నవన్నీ అక్కడ చెప్పుకోదగ్గ సంగతులేనని వాడికి తట్టకూడదు. మొదటిసారి వెళ్లేవాడికి రైలు చార్జీలు వాళ్లే ఇస్తారన్నది కూడా దాచండి.

ఆడపిల్ల విషయంలో ఈ ఉపాయాలు చదవక్కర్లేదు, మీరు ముందే నెగ్గారు. 2021లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్‌డీఏలోకి 2022 నుంచి అమ్మాయిలను తీసుకుంటున్నారు. మొదటి జట్టు 17 మంది 2025 మేలో బయటికొచ్చారు. కోరుకొండలోనూ అమ్మాయిలకు సీట్లున్నాయి. ఇంట్లో తమ్ముడి కన్నా అక్కకే లెక్కలు బాగా వచ్చని మాస్టారు అంటే, "ఆడగుంటకి మిలట్రీ ఏటి బావూ" అని ఒక్క ముక్క అనండి, చాలు.

ఇక జవానుగా చేరిపోయిన వాళ్లు. వీళ్లను వదిలేయొచ్చని చాలామంది తండ్రులు అనుకుంటారు. పొరపాటు. సర్వీసులో ఉన్న జవాను ఇంటర్ పాసై, ఇరవై ఏడేళ్లలోపు ఉంటే, డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీకి పరీక్ష రాయొచ్చు. మూడేళ్లు చదివి, జేఎన్‌యూ డిగ్రీ పుచ్చుకుని, ఇంకో ఏడాది శిక్షణయ్యాక లెఫ్టినెంట్ అవుతాడు. అంటే పద్దెనిమిదేళ్లకు మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. దీన్ని మూయడానికి పద్ధతి ఉంది. సెలవుకు వచ్చినప్పుడల్లా పెళ్లిచూపులు పెట్టండి, ఇంటి అప్పు లెక్కలు ముందు పరచండి, "ఆఖర్లో గౌరవ కెప్టెన్ ఎలాగూ ఇస్తారంట కదా" అనండి. ఆగస్టు 15కో జనవరి 26కో, సర్వీసు ముగిసే వేళ, సుబేదారు స్థాయికి చేరిన కొద్దిమంది జేసీఓలకు ఇచ్చే గౌరవం అది. దాని కోసం పాతికేళ్లకు పైగా ఆగాలి. ఆగనివ్వండి.

విజయనగరం టౌనులో ఇంకో రకం తండ్రులున్నారని మరిచిపోలేదు. వాళ్ల ఇంట్లో ఆఫీసరు తప్ప ఇంకో మాట పలకకూడదు. బీటెక్ చేసిన కొడుకు ఎస్‌ఎస్‌బీకి వెళ్లొస్తూ, వెళ్లొస్తూ ఇరవై ఏడు దాటిస్తాడు. ఈలోగా జవానంటే చులకన బాగా వంటబట్టించుకుంటాడు. ఈ తండ్రులకు నా సలహా, మీ పద్ధతి మార్చుకోకండి. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌కు కొండ మీద దారి, కింద మనుషుల మనసు చూపించేది సుబేదారేనని మీవాడికి తెలియకుండా పెంచితే, ఎలాగూ వాణ్ని ఎవరూ ఎంపిక చెయ్యరు.

చివరగా తేదీలు. ఎన్‌డీఏ నోటిఫికేషన్ డిసెంబరులో ఒకటి, మే నెలలో ఒకటి వస్తుంది. పరీక్ష విశాఖపట్నంలోనే రాయొచ్చు. దరఖాస్తు గడువు ముగిసిన మర్నాడు మీ గుంటణ్ని తీసుకుని నా దగ్గరకు రండి, ఏం చేసి ఉండాల్సిందో పూసగుచ్చినట్టు చెబుతాను.