కలలు డాలర్లలో, పింఛన్లు రూపాయల్లో

హైదరాబాదులో ఏ సినిమా ప్రీ-రిలీజ్ ఈవెంటైనా ఒక్కసారి ఓపిగ్గా చివరిదాకా చూడండి. పాట ఎక్స్‌ట్రార్డినరీ. ఫైట్ నెక్స్ట్ లెవెల్. హీరోగారి ఎనర్జీ వేరే లెవెల్. డైరెక్టరుగారి విజన్ మైండ్ బ్లోయింగ్. కెమెరామన్ అమేజింగ్, ఎడిటర్ అవుట్‌స్టాండింగ్, భోజనాలు పెట్టినాయన సూపరో సూపర్. చివర్లో నిర్మాత మైకు లాక్కుని "థౌజండ్ పర్సెంట్ బ్లాక్‌బస్టర్, రాసిపెట్టుకోండి" అంటాడు. నూటికి వెయ్యి మార్కులు తెచ్చుకున్న ఆ కళాఖండం శుక్రవారం వస్తుంది. సోమవారం మ్యాట్నీకి గోడ మీద పోస్టరు మారిపోతుంది.

వీళ్లకు ఇంగ్లిషు రాదని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు అమాయకులు. ఏ అంకె ఏ భాషలో చెబితే ఎంత లావుగా కనిపిస్తుందో వీళ్లకు తెలిసినంతగా లెక్కల మాస్టారికి కూడా తెలియదు. టీజరును 50 మిలియన్ల మంది చూశారంటారు. అంటే 5 కోట్లు. కోట్లలో చెప్పొచ్చుగా? చెబితే 5 అనాలి, 50 అనడానికి ఉండదు. అదే రూపాయల వసూళ్ల దగ్గరికొచ్చేసరికి మిలియన్లు మాయం. అక్కడంతా వంద కోట్ల క్లబ్బే. వంద కోట్లంటే ఒక బిలియన్, కానీ "ఒక బిలియన్ క్లబ్" అని పోస్టరు వేసిన నిర్మాతను చూపించండి, దండేసి వస్తాను. ఒకటి అనే అంకెకు కటౌట్ కట్టరు.

ఈ గుట్టు టీవీవాళ్లకు ఎప్పుడో తెలుసు. బ్రిటన్‌లో 1998లో మొదలైన ఆట మిలియనీర్‌ది. అదే ఆట 2000లో హిందీకొచ్చి కరోడ్‌పతిది అయింది, 2014లో తెలుగుకొచ్చి కోటీశ్వరుడిది అయింది. ఇక్కడ నోరూరాలంటే కోటి అనాల్సిందే.

అంటే మన జేబు కావాలనుకున్నవాడు కోటి అంటాడు. మరి మనకేదో ఇస్తానని చెప్పేవాడు?

ముందు 'మెగా' సంగతి చూద్దాం. కొలతల లెక్కలో మెగా అంటే పది లక్షలు. మెగావాట్ అంటే పది లక్షల వాట్లు, అందులో బేరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మెగా డీఎస్సీ వేశారు, టీచరు పోస్టులు 16,347. తెలంగాణలోనూ మెగా డీఎస్సీ అన్నారు, అక్కడ 11,062. ఏళ్ల తరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన పిల్లలకు ఆ పోస్టులు వరమే, కాదనను. కానీ ఏటా వేయాల్సిన నోటిఫికేషన్‌ను ఏళ్లపాటు నానబెట్టి, పేరుకుపోయిన ఖాళీలన్నీ ఒక్కసారి కుమ్మరించి, దానికి మెగా అని పేరు పెట్టుకోవడం చూశారూ, ఆ తెలివికి మొక్కాలి. ఆలస్యం ఎంత పెద్దదైతే మెగా అంత పెద్దది. (మెగాస్టార్ జోలికి నేను పోను. ఆయనకా మాట చెల్లింది.)

ఇక అసలు సరుకు ట్రిలియన్. స్వర్ణాంధ్ర 2047 పత్రంలో రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ 2.4 ట్రిలియన్ డాలర్లు కావాలన్నారు. పక్కింటివాళ్లు ఊరుకుంటారా? తెలంగాణ రైజింగ్ 2047లో 3 ట్రిలియన్లు అన్నారు. డాలరు 85 రూపాయలనుకున్నా 2.4 ట్రిలియన్లంటే 200 లక్షల కోట్ల పైమాటే. అంత బ్రహ్మాండమైన అంకె చేతిలో ఉండగా, సినిమావాళ్ల సూత్రం ప్రకారం రూపాయల్లోనే ఊదరగొట్టాలి కదా! ఇక్కడ సూత్రం తిరగబడింది. ఎందుకంటే రూపాయల్లో చెబితే ఎవడో ఒకడు లేచి, "2024-25లో మన ఆంధ్ర ఆర్థిక వ్యవస్థ దాదాపు 16 లక్షల కోట్లు కదయ్యా, ఇరవై చిల్లర ఏళ్లలో అది పన్నెండు రెట్లకు పైగా ఎలా పెరుగుతుంది? అందులో పంటకెంత, పరిశ్రమకెంత, ధరల పెరుగుదలే ఎంత?" అని భాగహారం మొదలుపెడతాడు. అసాధ్యమని నేననడం లేదు. లెక్క అడిగే వీలే లేకుండా చెప్పడంలో ఉన్న నేర్పును మెచ్చుకుంటున్నానంతే. ట్రిలియన్ అన్నాక ఎవరూ లేవరు. దానికి ఎన్ని సున్నాలో వేళ్లు మడిచి చూసుకునేలోపు సభ ముగిసి భోజనాలు వడ్డించేస్తారు.

అదే నోరు వృద్ధాప్య పింఛను దగ్గరికొచ్చేసరికి మాతృభాషలోకి దిగుతుంది. ఆంధ్రలో 4,000 రూపాయలు ఇస్తున్నారు. తెలంగాణలో 4,000 చేస్తామని 2023 ఎన్నికల్లో మాటిచ్చారు. రూపాయలు, అచ్చంగా రూపాయలు! డాలర్లలో చెబితే యాభై కూడా నిండదు మరి. అవ్వకు రూపాయి, పెట్టుబడిదారుకు డాలరు. అప్పులు మాత్రం ఏ భాషలోనూ చెప్పరు. ఎదుటి పార్టీ చేసినవైతే రూపాయి పైసలతో సహా చెబుతారు.

పెద్ద అంకెలకు మనకేమైనా కరువా? రామాయణం యుద్ధకాండలో శుకుడు వానరసేన లెక్క రావణుడికి చెబుతాడు. కోటి దగ్గర మొదలెట్టి వృందం, మహావృందం, పద్మం, మహాపద్మం, ఖర్వం దాటి మహౌఘం దాకా వెళ్తాడు. ఏ ట్రిలియనూ అందుకోలేని ఎత్తు అది. కానీ ఆ వేగులవాడు చేసిన మర్యాదైన పని ఒకటుంది. ఇన్ని కలిస్తే ఇది, ఇలాంటివి ఇన్నైతే అది అని మెట్టుమెట్టుకూ విడమరిచాకే సేనను లెక్కించాడు. విన్న రాజుకు ఒళ్లుమండి ఎదుటి నుంచి పొమ్మన్నాడనుకోండి, అది వేరే సంగతి.

మన పల్లెల్లో పుట్టి అంటే 20 తూములు, తూము అంటే 4 కుంచాలు. పుట్టెడు వడ్లు పండాయన్న రైతును కొలిచి చూపమంటే కళ్లంలోనే కుంచం తీసి చూపేవాడు. గంపెడు, బండెడు, దోసెడు అన్నా అంతే, అనుమానముంటే గంప అక్కడే ఉండేది. ట్రిలియన్ కొలిచే కుంచం ఏ సచివాలయంలో ఉందో, దాన్ని ఎవరు చూశారో!

అందుకని ఒక్క మాట. ఈసారి మీ ఊరి సభలో ఎవరైనా మిలియన్, బిలియన్, ట్రిలియన్ అన్నప్పుడు చప్పట్లు కొట్టేముందు చెయ్యెత్తండి. రూపాయల్లో ఎంత? అందులో ఈ మండలానికి ఎంత? ఏ సంవత్సరం నుంచి? ఈ మూడూ అడిగి కూర్చోండి. జవాబు వచ్చాక కావాలంటే తీరిగ్గా సూపర్ అందాం.