బురదలో విహారం, ఒడ్డున బేరం

కోరింగ మడ అడవిలో బోటెక్కిన మనవాడి మొదటి ప్రశ్న: "పులులుంటాయా?"

"పులుల్లేవండీ. బావురు పిల్లులున్నాయి. నీళ్లలో చేపలు పట్టుకు తింటాయండీ, ఆయ్" అన్నాడు సరంగు.

"పిల్లా! మా అపార్ట్‌మెంట్ కింద నాలుగున్నాయి కదయ్యా!"

అసలు బోటు కదలడమే గంట ఆలస్యం. పాయలో నీళ్లు తగ్గాయి, పోటెక్కాలి. హైదరాబాద్ బ్యాచ్ ఊరుకుంటుందా? టికెట్లు తీసి చూపించింది. సముద్రానికి చదువు రాదు పాపం. "పోటుకి మన వాచీలతో పన్లేదండీ. దాని టైముకి అదే వస్తది" అని సరంగు బీడీ ముట్టించాడు.

వచ్చింది. బయల్దేరాం. ఎక్కువగా రాత్రిళ్లు వేటాడే పిల్లిని మిట్టమధ్యాహ్నం డీజే పాటలతో వెతికాం. కనపడలేదని అందరికీ కోపం. లైఫ్ జాకెట్లో లావుగా పడుతున్నానని ఒకావిడ దాన్ని విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఒకాయన చెయ్యి చాపి కొమ్మ విరవబోయాడు. "అది తిల్ల చెట్టండీ. పాలు కంట్లో పడితే చూపు పోతది." చెయ్యి ఠక్కున వెనక్కొచ్చింది. మడలో ఆత్మరక్షణ తెలిసిన చెట్టు అదొక్కటే కాబోలు. మిగతావి మరీ మంచివి, అందుకే గొడ్డలి పాలవుతున్నాయి.

ఒడ్డున తెల్లమడ చెట్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వాటి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తాయి. ఆ మేకుల్లో ఒకదానికి ఎవరో చిప్స్ ప్యాకెట్ టోపీ పెట్టి పోయారు. పక్కనే బురద మీద గెంతే చేప ఒకటి కళ్లు మిటకరించి మమ్మల్నే చూస్తోంది. ఆ పూట అడవిని శ్రద్ధగా చూసిన పర్యాటకుడు అదొక్కటే.

ఈ కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణుంచి ఓడెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లకి అక్కడ 'కోరంగీలు' అనే పేరు పడింది. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి ఆ రేవును ఊడ్చేసింది. అలాంటి అలల జోరుని కాస్తయినా విరిచేది ఈ మడే. సరంగు అదే చెబుతున్నాడు. స్పీకర్లో పల్లవి అయిపోయి చరణం అందుకుంది.

ప్రభుత్వం తెలివి ఇంకా గొప్పది. 1978లో గీత గీసి 235 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం అంది. గీత లోపలుంటే అడవి, బయటుంటే ఖాళీ స్థలం. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నరికి మెరక చేస్తున్నారన్న గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నిజానికి నరకడం దండగ. ఊపిరి వేళ్ల మీద నాలుగు లారీల మట్టి పోస్తే చాలు, చెట్టు తనంత తానే చస్తుంది. గొడ్డలి ఖర్చు మిగులు.

బోటు దిగాం. "ప్రకృతిని కాపాడుకోవాలండీ" అని ఇందాక కొమ్మ విరవబోయినాయనే ఉపన్యాసమిచ్చాడు. అంతలో ఆయన ఫోను మోగింది. అవతల ప్లాట్లమ్మే కుర్రాడు. సముద్రం కనిపిస్తుందట, మెరక చేసేశారట, రోడ్డు కూడా వేసేశారట.

ఆయన మొహం వెలిగిపోయింది. మాకు వినపడకుండా నాలుగడుగులు పక్కకి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు:

"గజం ఎంత?"

వెనక పాయలో పోటు ఇంకా ఎక్కుతూనే ఉంది.