తరతరాల ఫోటోలు, తాతగారి ఆధార్ కార్డు

కుటుంబ ఛాయాచిత్రాలను భావితరాలకు భద్రపరచే కార్యక్రమం ఘట్‌కేసర్, ఉప్పల్, నాచారం ప్రాంతాల ఫంక్షన్ హాళ్లలో మొదలవుతుంది. వరంగల్ హైవే వెంబడి జరిగే పెళ్లికి రెండు కెమెరాలు, ఒక డ్రోను, ఒక ఎల్‌ఈడీ తెర తప్పనిసరి. ముహూర్తం మాత్రం సర్దుకుపోతుంది. మూడు ముడులు పడేవేళ బంధువులకు కనిపించేది కెమెరామెన్ వీపులు. వారు ఆ ఘట్టాన్ని తెర మీద చూసి, తెరవైపే అక్షింతలు విసురుతారు. ఇదంతా తరతరాలు చూసుకోవడానికే అని వివరణ.

రెండో దశ కరిజ్మా ఆల్బమ్. పేజీకో భంగిమలో వధూవరులు, వెనక ఎన్నడూ వెళ్లని మంచుకొండలు ఉంటాయి. నాయనమ్మ మాత్రం భోజనాల బంతిలో, నోట్లో ముద్దతో, ఒక మూల తపాలా బిళ్లంత కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు పడితే తప్ప లేవని ఆ ఆల్బమ్ బీరువా మీదికి చేరి, అక్కడే స్థిరపడుతుంది.

మూడో దశ హార్డ్ డిస్క్. డేటా మొత్తం ఇచ్చేశామని స్టూడియోవారు చేతులు దులుపుకుంటారు. ఇంటివారు దాన్ని నగల పక్కన పెట్టి తాళం వేస్తారు. నగలను పండక్కైనా తీస్తారు, డిస్కును ఎవరూ తీయరు. తిరిగే భాగాలున్న యంత్రం గనుక అది వాడితే అరుగుతుంది, వాడకుంటే మొరాయిస్తుంది. ఇరవయ్యేళ్ల కిందటి పెళ్లి సీడీల సంగతి ఇంకా సులువు: సీడీ ఉంది, పెట్టి చూసే డ్రైవు లేదు.

నాలుగో దశ వాట్సాప్ గ్రూపు. అక్కడికి మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు రాలిపోతాయి. ఫోన్ నిండిన రోజున గుడ్ మార్నింగ్ గులాబీలతో పాటు అక్క సీమంతమూ డిలీట్ అవుతుంది.

అయిదో దశ క్లౌడ్. గూగుల్ ఫోటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1 నుంచి లేదు. ఈమెయిల్‌తో కలిపి 15 జీబీయే. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాలను తొలగిస్తామని 2023లో ఆ సంస్థ ప్రకటించింది. ఖాతాదారు పాస్‌వర్డును పరలోకానికి వెంట తీసుకెళ్తాడు. సంవత్సరీకం పెట్టి, ప్లాటు పంపకాల తగాదా తేలేలోగా గడువు తీరిపోతుంది.

కాగితమే శాశ్వతం అనే పెద్దల వాదనకు 2020 అక్టోబర్ 13 నాటి వాన జవాబు చెప్పింది. ఘట్‌కేసర్‌లో ఆ ఒక్కరోజే 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్న ఫోటోలు అలా తడిస్తే ఒకదానికొకటి అంటుకుంటాయి. ఎండబెట్టాక పీకితే బొమ్మ పొరతో సహా ఊడుతుంది. తడి ఆరకముందే మంచినీళ్లలో నానబెట్టి విడదీయాలి.

అలాగని ఏదీ నిలవదని కాదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు నెగెటివ్‌లు రెండున్నర వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ ఉన్నాయి. చేయి జారితే పగిలే గాజు శతాబ్దం దాటి నిలిచింది. ఆయన నెగెటివ్ మీదే సంఖ్య వేసేవాడు. తర్వాతివారు వాటిని కనిపెట్టుకుని ఉన్నారు.

ఈ అయిదు దశల ఘట్‌కేసర్ పద్ధతికి అసలు పరీక్ష ఇంటి పెద్దాయన పోయిన రోజున వస్తుంది. వేల ఫోటోలున్న ఇంట్లో ఫ్లెక్సీకి పనికొచ్చేది ఒక్కటీ దొరకదు. ఆధార్ కార్డులోని ముఖాన్ని పెద్దది చేసి, కోటు తొడిగి, వెనక మేఘాలు పెట్టి కూడలిలో కడతారు. జీవితంలో కోటు వేయని మనిషి సూటులో స్వర్గస్థుడవుతాడు.

విరుగుడు చవకైనదే. ఏటా వంద ఫోటోలు ఏరి అచ్చు వేయించాలి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉండాలి. పాత ఫోటోల వెనక మెత్తని పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. ఆ పేర్లు తెలిసినవారు ఉండగానే, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.