కవిగారి పట్టా

ఎకరం పొలం రాసిచ్చి పోతే మునిమనవడు కూడా కౌలు తింటాడు. కావ్యం రాసి పోతే మాత్రం ‘అది జాతి సంపదండీ’ అంటారు. పొలాన్ని జాతి సంపద అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

ఈ తేడా ఇంగ్లండుకు చెందిన వర్డ్స్‌వర్త్‌ మహాకవికి బాగా తెలుసు. 1813 నుంచి ఆయన వెస్ట్‌మోర్లండ్‌లో సర్కారు స్టాంపుల పంపిణీదారు. ఊరివాళ్ల దస్తావేజులు చెల్లాలంటే స్టాంపు పడాలి. తన పద్యాలకు పట్టా ఇచ్చే స్టాంపు మాత్రం ఆయన పెట్టెలోనే లేదు. అప్పటి చట్టం ప్రకారం అచ్చయ్యాక 28 ఏళ్లు, లేదా కవి ఊపిరి ఉన్నంతకాలం. ఏది ఎక్కువైతే అంతవరకే హక్కు.

1837లో టాల్‌ఫర్డ్‌ అనే ఎంపీ, కవి పోయాక మరో 60 ఏళ్లు హక్కుండాలని బిల్లు పెట్టాడు. డెబ్భైకి దగ్గరపడ్డ కవిగారు కలం అందుకున్నారు. పద్యాలకు కాదు, ఉత్తరాలకు. పీల్‌కి రాశారు, గ్లాడ్‌స్టన్‌కి రాశారు, ఇంకా ఎందరికో రాశారు. ఎంపీలకు రోజుకిన్ని ఉత్తరాలని తపాలా ఖర్చు మాఫీ ఉన్న రోజులవి. రాత ఊరికే రాకూడదన్న వాదన అలా ఊరికే చేరింది!

1841లో ఆ బిల్లుకు అడ్డంగా సభలో మెకాలే లేచాడు. అవును, మన నెత్తిన ఇంగ్లీషు చదువు పెట్టిన మెకాలేనే. ఇది రచయిత లాభానికి పాఠకుడి మీద వేసే పన్నన్నాడు. 45–38 ఓట్లతో బిల్లు పడిపోయింది. మరుసటేడు వేక్లీ అనే డాక్టరు ఎంపీ కవిగారి పద్యాలు సభలో చదివి నవ్వులపాలు చేశాడు. ఆ చదువుడుకీ రాయల్టీ రాలేదు.

చివరికి 1842లో బేరం తెగింది. పోయాక 7 ఏళ్లు, లేదా అచ్చయ్యాక 42. ఏది ఎక్కువైతే అది. అరవై అడిగితే ఏడు! రైతుబజారులో కూడా ఇలా గీసి గీసి బేరమాడరు. 1847లో ఈస్టిండియా కంపెనీ వారు అదే లెక్క మనకీ దింపారు.

అయినా కవిగారి మొర వృథా పోలేదు. రవీంద్రుడి రచనల గడువు 1991 ఆఖరుకు తీరిపోతోందని మన పార్లమెంటు 1992 చట్టంతో, కవి పోయాక 50 ఏళ్లన్న గడువుని 60 చేసింది. అడిగింది లండన్లో, దక్కింది ఢిల్లీలో.

ఈ శుభవార్త మా వీధి కవిగారికి చెప్పాను. ఆయన వంగి మంచం కింద కట్టలు చూపించారు. సొంత డబ్బుతో వేయించి, ఆవిష్కరణ నాడు పంచగా మిగిలినవి. ‘‘పోయాక అరవయ్యేళ్లు సరేనండీ, వీటిని దసరాలోగా తీసెయ్యమంటోంది మా ఆవిడ’’ అన్నారు.

సంతకం పెట్టి రెండు కాపీలు నా చేతికిచ్చారు. వెల అడిగితే నొచ్చుకుంటారేమోనని నేనూ ఊరుకున్నాను.